సైన్యం పేరు రాసే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు పంపింది చదివాను. "మా సైట్‌ను చైనా సైన్యమే హ్యాక్ చేసింది" అని రేపు పొద్దున పెట్టేస్తానన్నావు. సరిహద్దు మీద వ్యాసం వేసిన నాలుగో రోజే పేజీలన్నీ మాయమైతే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. నీ కోపం నాకు అర్థమైంది. అయినా ఆ మాట ఇప్పుడే బయటపెట్టకు.

నీ లాగ్ (సర్వర్‌కు ఎప్పుడు ఎక్కడి నుంచి ఏ రిక్వెస్ట్ వచ్చిందో రాసుకునే చిట్టా) స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసి చూశాను. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఒక పీహెచ్‌పీ ఫైల్‌కు, అంటే సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్‌కు, వరసగా పోస్ట్ రిక్వెస్టులు (బయటి నుంచి డేటా పంపేవి) వచ్చాయి. ఫొటోలు ఉండాల్సిన చోట పీహెచ్‌పీ ఫైల్ ఎందుకుంది? అసలు సంగతి అక్కడుంది. నువ్వు దాన్ని వదిలేసి టైమ్ పట్టుకున్నావు. 1:12ను యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని, బీజింగ్‌లో ఉదయం 9:12, ఆఫీసు తెరిచే వేళ అని రాశావు. అదే లైన్‌లో టైమ్ పక్కన +0530 అని ఉంది చూడు. అది మన టైమే. అప్పుడు బీజింగ్‌లో తెల్లవారుజామున 3:42. ఇక మిగిలింది ఐపీ అడ్రస్, అంటే ఆ రిక్వెస్టులు వచ్చిన కంప్యూటర్ నంబరు. అద్దె సర్వర్ ఏ దేశంలోనైనా దొరుకుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోకు.

సైన్యాలు ఇలాంటి పనులు చేయవని నేననను. 2013 ఫిబ్రవరిలో మాండియంట్ అనే అమెరికా సైబర్ భద్రతా కంపెనీ షాంఘైలోని చైనా సైన్యపు యూనిట్ 61398 గురించి రిపోర్ట్ ఇచ్చింది. 2006 నుంచి కనీసం 141 సంస్థల్లోకి చొరబడ్డారని అందులో ఉంది. చైనా ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది అమెరికా ఐదుగురు సైనికాధికారుల మీద కేసు పెట్టింది. ఆ యూనిట్ పేరు చెప్పడానికి మాండియంట్ వాళ్లు ఏళ్ల తరబడి డొమైన్లు, టూల్స్, హ్యాకర్లు చేసిన పొరపాట్లు ఒక్కొక్కటే జోడించుకుంటూ వచ్చారు. నీ దగ్గర ఒక్క రాత్రి లాగ్ ఉంది.

గుర్తులను కావాలనే వదిలేవాళ్లూ ఉంటారు. 2018 ప్యోంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్ ప్రారంభం రోజు సైట్ పడిపోయి జనం టికెట్లు ప్రింట్ చేసుకోలేకపోయారు. కోడ్‌లో ఉత్తర కొరియా ఛాయలు కనిపించాయి. చివరికి 2020లో అమెరికా కేసు పెట్టింది రష్యా సైనిక నిఘా అధికారుల మీద. 1998లో దీనికి తలకిందులుగా జరిగింది. అమెరికా రక్షణ శాఖ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడితే ఇరాక్ పనేమోనని అనుమానించారు. దొరికింది కాలిఫోర్నియాలో ఇద్దరు టీనేజ్ పిల్లలు, ఇజ్రాయెల్‌లో ఇంకో కుర్రాడు.

నా సంగతి కూడా చెప్పాలి. అమీర్‌పేటలో సర్వర్లు చూసుకునే రోజుల్లో, ఒక ఆగస్టు 15 పొద్దున మా క్లయింట్ హోమ్ పేజీ మీద పొరుగు దేశం జెండా ఉంది. అది వాళ్ల సైన్యం పనే అని నేనే గట్టిగా చెప్పాను. శత్రువెవరో తెలిసిపోయిందనుకుని, తలుపు ఎక్కడ తెరిచి ఉందో మూడు రోజులు ఎవరం వెతకలేదు. నాలుగో రోజు మళ్లీ చొరబడి డేటాబేస్ మొత్తం తుడిచేశారు. సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించే ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ మానిటర్ అంచుకు అంటించిన చీటీ మీద ఉంది, ఆఫీసులోకి వచ్చిపోయే ప్రతివాళ్లకూ కనిపించేలా. ఎవరు చేశారో చివరికీ తేలలేదు. ఆ క్లయింట్ పదేళ్ల రికార్డులు మాత్రం నావల్లే పోయాయని ఇప్పటికీ బాధపడతాను.

అందుకే ముందు సర్వర్‌ను ఉన్నదున్నట్టు కాపీ తీయించు. హోస్టింగ్ వాళ్లను స్నాప్‌షాట్ అడుగు. చాలా చోట్ల లాగ్‌లు కొన్ని వారాలకే వాటంతటవే చెరిగిపోతాయి, వెంటనే దించుకో. కాపీ చేసిన ఫైళ్లకు హ్యాష్ విలువలు (ఫైల్ కాస్త మారినా మారిపోయే, వేలిముద్రలాంటి గుర్తులు) తీసి, తేదీ వేసి రాసి పెట్టుకో. తర్వాత ఎవరైనా "మీరే మార్చారు" అంటే చూపించడానికి అదే ఆధారం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైట్ చొరబాటు తెలిసిన 6 గంటల్లోపు కంపెనీలు దానికి చెప్పాలి. మీ సైట్ కంపెనీ పేరు మీదే ఉంది కదా, ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ పని చెయ్యి. సైబర్ క్రైమ్ పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకూడదు.

పాఠకులకు ఏదో ఒకటి చెప్పాలి, నిజమే. "మా సైట్‌లోకి చొరబడ్డారు, ఫలానా వ్యాసాలు పోయాయి, ఎవరన్నది ఇంకా తెలియదు" అని రాయి. వ్యాసం వేసిన నాలుగో రోజు జరిగిందని కూడా రాయొచ్చు, అది జరిగిన విషయమే. అది సైన్యం పనే అయితే, ఆ ఫైల్ ఎలా వచ్చిందో తేలినప్పుడు నీ మాటకు బలం ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం మల్కాజ్‌గిరి నుంచి బయలుదేరి వస్తాను. ఒక ఖాళీ హార్డ్‌డిస్క్ కొని పెట్టు. ఆ పీహెచ్‌పీ ఫైల్‌ను మాత్రం డిలీట్ చేయకు.

నీ పెద్దనాన్న