మీ ఇంటి కప్పు వయసెంత?

ఈ సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు, బ్రాడీపేటలో మా పక్కింటి బాబాయ్ గారు నన్ను వాళ్ళ మేడ మీదకి తీసుకెళ్ళారు. శ్లాబు మీద కాలితో రెండుసార్లు గట్టిగా తట్టి, "1986లో పోయించాను అబ్బాయ్ దీన్ని. దగ్గర దగ్గర నలభై ఏళ్ళు. మావాడేమో డల్లాస్‌లో ఇల్లు కొని ఏడాది తిరగలేదు, కప్పు మొత్తం మార్చాలంటున్నారట. ఇరవై వేల డాలర్లట! ఎవరో వాణ్ణి బుట్టలో వేస్తున్నారు. నువ్వు ఇన్నేళ్ళ నుంచి అక్కడే ఉన్నావు కదా, ఒకసారి మాట్లాడు" అన్నారు.

ఆ ఇంటి డౌన్ పేమెంట్ కోసం ఆయన నల్లపాడు దగ్గర స్థలం అమ్మారు. ఆ కంగారు నాకు అర్థమైంది. ఆ రాత్రే వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. చెప్పిన ధరలో మోసం లేదు. కానీ వాడు సంతకం పెట్టబోతున్న కాగితంలో ఉంది. మన గుంటూరు, విజయవాడల నుంచి వెళ్ళి కొత్తగా ఇల్లు కొంటున్న పిల్లలందరికీ ఈ విషయం ముందే తెలిస్తే బాగుంటుందని ఇదంతా రాస్తున్నాను.

మనకి ఇల్లంటే శ్లాబు. ఎక్కడైనా ఉరిస్తే పగుళ్ళు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, చలువ సున్నం కొట్టిస్తాం. అక్కడ ఇల్లు చెక్క ఫ్రేము. పైన వాలుగా చెక్క షీట్లు కొట్టి, వాటి మీద అండర్‌లేమెంట్ అని ఒక పల్చటి పొర పరిచి, ఆ పైన షింగిల్స్ మేకులతో కొడతారు. షింగిల్ అంటే ఫైబర్‌గ్లాస్ పొరకి తారు పట్టించి, పైన రాతి రవ్వలు అద్దిన అట్ట లాంటిది. కంపెనీ వాళ్ళు ముప్ఫై ఏళ్ళనీ, లైఫ్‌టైమ్ అనీ రాసినా, డల్లాస్ ఉన్న టెక్సాస్ ఎండకి, వడగళ్ళకి పదిహేను, ఇరవై ఏళ్ళు వస్తే మంచిదే. మా చిన్నప్పుడు పెంకుటిల్లు ఉన్నవాళ్ళు ఏటా వానాకాలానికి ముందు పెంకులు సర్దించుకునేవాళ్ళు. ఆ లెక్కలో ఆలోచించండి, శ్లాబు లెక్కలో కాదు. అమెరికా ఇంట్లో కప్పు అనేది ఎప్పటికైనా మార్చాల్సిన వస్తువు. అందుకే ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు కిచెన్ గ్రానైట్ కంటే ముందు కప్పు వయసు అడగండి. ఎప్పుడు వేశారు, పర్మిట్ తీసుకున్నారా అని అమ్మేవాళ్ళని అడిగి, సిటీ రికార్డులో కూడా చూసుకోండి. పాతదైతే ధరలో తగ్గించమని అడిగే హక్కు మీకుంది. సోలార్ ప్యానెళ్ళు పెట్టించే ఆలోచన ఉంటే ఇది ఇంకా ముఖ్యం. కప్పు మార్చేటప్పుడు ప్యానెళ్ళు దించి మళ్ళీ ఎక్కించడానికి వేల డాలర్లు వేరే అవుతాయి.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. 2016 వసంతంలో ఒక రాత్రి మా ఏరియాలో నిమ్మకాయంత వడగళ్ళు పడ్డాయి. పొద్దున్నే బయటికొచ్చి చూస్తే, చూరు నీళ్ళు దిగే గొట్టం కింద సిమెంటు మీద కాఫీ పొడి ఒలికినట్టు నల్లటి రవ్వ. షింగిల్స్ మీద రాతి రవ్వ రాలిపోయిందన్నమాట. పదిగంటలకల్లా ఒక కుర్రాడు తలుపు తట్టాడు. నేను ఆఫీసులో ఉన్నాను. మా అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. ఎండలో వచ్చాడు పాపం అని లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. సాయంత్రం అతను మళ్ళీ వచ్చి, కప్పు ఎక్కి ఫొటోలు తీసి, "ఇది ఇన్‌స్పెక్షన్‌కి పర్మిషన్ మాత్రమే" అని టాబ్లెట్ ముందు పెట్టాడు. సంతకం పెట్టేశాను. పదిరోజుల తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ ఒప్పుకున్నాక తెలిసింది, ఆ కాగితం కాంట్రాక్టని. క్లెయిమ్ వస్తే పని వాళ్ళకే ఇవ్వాలి, ఇవ్వకపోతే పరిహారం కట్టాలి. ఇంటికొచ్చి అమ్మిన ఇలాంటి ఒప్పందాలను మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ రూల్ ప్రకారం ఉంటుంది. నాకు ఆ రూల్ తెలిసేసరికి మూడు రోజులూ దాటిపోయాయి. పని వాళ్ళతోనే చేయించాను. చిమ్నీ చుట్టూ ఉన్న పాత తుప్పు రేకు అలాగే వదిలేసి పైన షింగిల్ కప్పేశారు. తర్వాతి వానకి పిల్లల గది సీలింగ్ మీద టీ మరకలా ఒక మచ్చ తేలింది. ఫోన్ చేస్తే ఆ నంబరే లేదు.

టెక్సాస్‌లో రూఫర్లకి, అంటే కప్పు వేసే కాంట్రాక్టర్లకి, రాష్ట్ర లైసెన్స్ అనేదే లేదు. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో ఉంది. కాబట్టి టెక్సాస్‌లో మనమే విచారించుకోవాలి: ఊళ్ళోనే ఆఫీసు ఉందా, పనిలో మనకి నష్టం చేస్తే కట్టే లయబిలిటీ ఇన్సూరెన్స్ కాగితం చూపిస్తారా, ఐదేళ్ళ కిందట పని చేసిన ఇళ్ళ వాళ్ళతో మాట్లాడిస్తారా అని. మన వాట్సాప్ గ్రూపులో ఎవరో 'మావాడే' అని చెబితే సరిపోదు. అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంచండి: తలుపు తట్టిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వండి, సంతకం మాత్రం ఇవ్వొద్దు అని.

ఇక డబ్బు సంగతి. 2016లో నా కప్పుకి దాదాపు 11 వేల డాలర్లయింది. నిరుడు మా వీధిలోనే, అదే ప్లాన్ ఉన్న ఇంటికి 21 వేలు దాటింది. కారణాలు దాచిపెట్టినవేమీ కావు. షింగిల్‌లో ఉండే తారు ముడిచమురు నుంచి వచ్చేది, చమురు పెరిగితే అదీ పెరుగుతుంది. కోవిడ్ తర్వాత సరుకు దొరక్క పెరిగిన ధరలు మళ్ళీ పాత చోటికి దిగలేదు. 2025లో దిగుమతి ఉక్కు, అల్యూమినియం మీద సుంకం మార్చిలో 25 శాతం, జూన్‌లో చాలా దేశాల సరుకు మీద 50 శాతం అయింది. కప్పు అంచుల్లో, మూలల్లో వాడే రేకులు చాలావరకు ఆ లోహాలే. కూలీలు దొరకడం కష్టంగా ఉంది. ఒక్క వడగళ్ళ వానకి ఊరంతా ఒకేసారి రూఫర్ల కోసం పరిగెత్తుతుంది. కొటేషన్ చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. అక్కడ లెక్క స్క్వేర్లలో ఉంటుంది. ఒక స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. ఇంటి విస్తీర్ణం, కప్పు విస్తీర్ణం ఒకటి కావు. వాలు, చూరు, గరాజ్ అన్నీ కలుస్తాయి.

నిబంధనల వల్ల కూడా ఖర్చు పెరుగుతుంది, కానీ వాటిలో చాలావరకు మన మంచికే. చాలా నగరాల్లో పర్మిట్ తీసుకోవాలి. అమెరికాలో ఎక్కువ చోట్ల వాడే మోడల్ కోడ్ (ఇళ్ళ నిర్మాణ నిబంధనల నమూనా) ప్రకారం ఇప్పటికే రెండు పొరల షింగిల్స్ ఉంటే మూడో పొర వేయకూడదు, అంతా పీకి చెక్క దాకా వెళ్ళాలి. అంచు వెంట డ్రిప్ ఎడ్జ్ అనే రేకు తప్పనిసరి. చికాగో లాంటి మంచు పడే చోట చూరు దగ్గర మంచు నీళ్ళు లోపలికి ఎక్కకుండా ప్రత్యేకమైన పొర కూడా వేయాలి. న్యూజెర్సీలో మాత్రం విడి ఇళ్ళకి మామూలుగా కప్పు మార్చడానికి 2018 నుంచి పర్మిట్ అక్కర్లేదు. ఫ్లోరిడాలో కప్పు వయసు పదిహేనేళ్ళ లోపుంటే ఆ ఒక్క కారణంతో ఇన్సూరెన్స్ ఇవ్వనని కంపెనీ అనకూడదు. పదిహేను దాటితే, తనిఖీలో ఇంకా ఐదేళ్ళైనా వస్తుందని తేలాలి. పాత ఇంటికి కోడ్ ప్రకారం కొత్తగా చేర్చాల్సిన వాటి ఖర్చుని మామూలు పాలసీ ఇవ్వకపోవచ్చు. 'ఆర్డినెన్స్ ఆర్ లా' అనే కవరేజీ ఉందో లేదో మీ పాలసీలో వెతకండి. హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే రంగు, రకం వాళ్ళకి ముందే రాసి అనుమతి తీసుకోండి. వడగళ్ళని తట్టుకునే క్లాస్ 4 షింగిల్ వేస్తానంటే, అది చూడటానికి మిగతా ఇళ్ళ కప్పుల్లాగే ఉన్నంతవరకు, టెక్సాస్ చట్టం ప్రకారం హెచ్‌ఓఏ వద్దనకూడదు. అది కాస్త ఖరీదు ఎక్కువే, కానీ చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇస్తాయి. ఎంత ఇస్తారో అడిగి లెక్క వేసుకున్నాకే తీసుకోండి.

అన్నిటికంటే మనవాళ్ళు దెబ్బతినేది ఇన్సూరెన్స్ దగ్గర. డిడక్టిబుల్ అంటే నష్టంలో ముందు మనం భరించాల్సిన వాటా. కారు పాలసీలో అది ఐదొందలో వెయ్యో ఉంటుంది కాబట్టి ఇంటికీ అంతే అనుకుంటారు. టెక్సాస్‌లో గాలికి, వడగళ్ళకి డిడక్టిబుల్ సాధారణంగా శాతంలో ఉంటుంది, ఒకటో రెండో శాతం. ఆ శాతం నష్టం మీద కాదు, ఇల్లు ఎంతకి ఇన్సూర్ చేశారో దాని మీద. ఇల్లు 4 లక్షల డాలర్లకి ఇన్సూర్ అయి ఉంటే 2 శాతం అంటే 8 వేలు, మీ జేబులోంచి.

ఇంకో సంగతి, కప్పుకి ఇచ్చేది రీప్లేస్‌మెంట్ కాస్టా (కొత్తది వేయడానికయ్యే ఖర్చు), యాక్చువల్ క్యాష్ వాల్యూనా (తరుగు తీసేసిన విలువ) అన్నది. రెండిటికీ తేడా ఎంతో చూడండి. కప్పు మార్చడానికి 20 వేలు అవుతుందనుకోండి. దాని వయసు చూసి తరుగు 10 వేలని కట్టారు. డిడక్టిబుల్ 8 వేలు. మొదటి చెక్కు రెండు పాలసీలకీ ఒకటే: 20 లోంచి 10, అందులోంచి 8 పోతే 2 వేలు. రీప్లేస్‌మెంట్ కాస్ట్ అయితే పని పూర్తిచేసి బిల్లులు పంపాక తరుగు కింద ఆపిన 10 వేలు కూడా వస్తాయి. యాక్చువల్ క్యాష్ వాల్యూ అయితే ఆ 2 వేలే, మిగతా 18 వేలు మీరే పెట్టుకోవాలి. కప్పు పాతబడ్డాక కొన్ని కంపెనీలు రెన్యువల్‌లో మొదటి రకాన్ని రెండో రకంగా మార్చేస్తాయి. ఆ కాగితం మెయిల్‌లో వస్తుంది, ప్రీమియం అంకె చూసి మనం పక్కన పడేస్తాం. దయచేసి అలా చేయకండి. మొదటి పేజీలో విండ్/హెయిల్ డిడక్టిబుల్ అనే గడి, కప్పు ఏ లెక్కన ఇస్తారో చెప్పే వాక్యం, ఈ రెండూ చదివి అర్థం కాకపోతే ఏజెంటుకి ఫోన్ చేసి అడగండి.

నష్టం డిడక్టిబుల్ కంటే తక్కువైతే క్లెయిమ్ వేయకపోవడమే మేలు. వేసిన క్లెయిములు ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ చూసే రికార్డులో ఏడేళ్ళ దాకా ఉంటాయి. నష్టం పెద్దదైతే మాత్రం ఆలస్యం చేయొద్దు, చాలా పాలసీల్లో గడువు ఏడాదే. ఇంకో చిన్న విషయం, తెలియక చాలామంది టెన్షన్ పడతారు. ఇంటి మీద లోన్ ఉంటే చెక్కు మీ పేరుతో పాటు లోన్ ఇచ్చిన కంపెనీ పేరు మీద కూడా వస్తుంది. వాళ్ళ సంతకం కూడా పడితేగానీ డబ్బు చేతికి రాదు. రెండు మూడు వారాలు పట్టొచ్చు, దానికి తగ్గట్టు రూఫర్‌తో ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు బాబాయ్ గారి అబ్బాయి కాగితం దగ్గరికి వస్తాను. అందులో రెండు మాటలున్నాయి: "మీ డిడక్టిబుల్ మేం చూసుకుంటాం", "ఇన్సూరెన్స్‌తో మీ తరఫున మేమే మాట్లాడతాం". టెక్సాస్‌లో రెండూ చట్టవిరుద్ధం. డిడక్టిబుల్‌ని కాంట్రాక్టరు మాఫీ చేయడం 2019 సెప్టెంబర్ 1 నుంచి నేరం. ఇన్సూరెన్స్ కంపెనీ మీరు డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు అడగొచ్చు, చూపించేదాకా ఆపిన డబ్బు ఇవ్వకపోవచ్చు. అలాగే పని చేసే రూఫరే ఆ ఇంటి క్లెయిమ్ బేరం ఆడకూడదు. మాఫీ చేసిన డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? బిల్లు పెంచైనా రాయాలి, పనిలోనైనా కోత పెట్టాలి. వీసా మీద ఉన్న పిల్లలు ఇన్సూరెన్స్ మోసం అనే మాట దరిదాపుల్లోకి వెళ్ళకూడదు. ఎనిమిది వేలు మిగులుతాయని జీవితాన్ని పణంగా పెట్టకండి.

వాణ్ణి ఇంకో ఇద్దరు రూఫర్లని పిలవమన్నాను. ఒకాయన కొటేషన్‌లో పర్మిట్, డ్రిప్ ఎడ్జ్, చిమ్నీ చుట్టూ కొత్త రేకు విడివిడిగా రాసి ఉన్నాయి. పాత షింగిల్ పీకాక కింద చెక్క కుళ్ళి ఉంటే ఒక్కో షీటుకి ఎంతో కూడా ముందే రాశాడు. అది రాయకపోతే, కప్పు విప్పేసి ఇల్లు ఆకాశానికి తెరిచి ఉన్నప్పుడు మనం ధర అడగాల్సి వస్తుంది. ఆఖరి చెల్లింపుకి ముందు సరుకు ఇచ్చిన వాళ్ళకి బాకీ లేదని లీన్ రిలీజ్ కాగితం ఇస్తానని, పనయ్యాక అయస్కాంతం చక్రంతో పెరడంతా తిప్పి మేకులు ఏరిస్తానని కూడా ఉంది. వాడికి రెండేళ్ళ పాప. ఆ మేకుల మాట చదివాకే వాడు ఆయన్ని ఖాయం చేసుకున్నాడు.

తిరిగి అమెరికా బయల్దేరే ముందు బాబాయ్ గారికి ఇదంతా చెప్పాను. కప్పు మార్చక తప్పదనీ, డిడక్టిబుల్ వాడే కట్టుకోవాలనీ. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. "మళ్ళీ ఎప్పుడు మార్చాలి?" అని అడిగారు. పదిహేనేళ్ళకి అనుకోండి అన్నాను. పక్కనున్న క్యాలెండర్ వెనకాల పెన్నుతో లెక్క వేసి, "నెలకి నూట ఇరవై డాలర్లు పక్కన పెడితే పదిహేనేళ్ళకి ఇరవై ఒక్క వేల ఆరొందలు. ఈ నెల నుంచే వేరే అకౌంట్‌లో వేయమని చెబుతాను వాడికి" అన్నారు.