పార్కుల డిజైన్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. 2022 అక్టోబరులో మా ఊళ్లో పారే నడిమివంక పొంగి మా ఇల్లు మునిగింది. అప్పటినుంచి మా అమ్మాయి వరద నీటిని పట్టి ఉంచే పార్కులు డిజైన్ చేస్తానంటోంది. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. తోటపనికి ఇంత చదువెందుకని నా అభిప్రాయం. సీఎస్‌ఈ అయితే దారి చూపించే బంధువులున్నారు. తన మాటే వినాలంటే సివిల్ మేలా, ఆర్కిటెక్చర్ మేలా?

జవాబు: తెలిసిన దారి వదిలితే అమ్మాయి రేపు ఇబ్బంది పడుతుందేమోనన్నది మీ అసలు భయం. ఏటా ఈ రోజుల్లో చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగేది ఇదే. కాబట్టి దాని సంగతీ చూద్దాం.

ముందు తోటపని అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోండి. బ్యాంకాక్‌లో చులాలాంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయం 2017లో తెరిచిన శతాబ్ది పార్కు 11 ఎకరాలు. నేలనంతా 3 డిగ్రీల వాలుగా మలిచారు. వాన నీరు పైనుంచి మొక్కల మడుల గుండా దిగి, పల్లంలో ఉన్న చెరువుకు చేరుతుంది. దాదాపు 38 లక్షల లీటర్లు నిలుస్తాయి. దాన్ని రూపొందించింది కోచకోర్న్ వోరాఖోమ్ అనే మహిళ.

ఆ పార్కును ఉన్నదున్నట్టు మన దగ్గర కట్టలేం. అనంతపురంలో ఏడాదంతా కలిపి కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అందులోనూ ఒక్కోసారి ఒక్క రాత్రిలోనే పెద్ద వాన కుమ్మరిస్తుంది. మనకు కావలసింది ఎక్కువ రోజులు పిల్లలు ఆడుకునే మైదానంగా ఉండి, వంక పొంగిన రోజు నీళ్లు నింపుకునే నేల. ఎకరం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు. ఆ నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎన్ని గంటలు నిలవాలి, మరవ (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి) ఎక్కడ పెట్టాలి? ఎర్రనేలలో ఇంకినట్టు కర్నూలు వైపు నల్లరేగడిలో ఇంకదు కదా, అక్కడేం చేయాలి? కానుగ నాటాలా, నల్లమద్ది నాటాలా? కాలువ జాలీకి ప్లాస్టిక్ కవర్లు అడ్డంపడితే తీసేదెవరు? ఇవన్నీ తేల్చడమే ఆ ఉద్యోగం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కి ఉన్నాయి. మన సీమలో అంత పాత విద్యను మీ అమ్మాయి నేర్చుకుంటానంటే చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంది.

బంధువులు దారి చూపిస్తారన్నారు. వాళ్లు మీ అమ్మాయి బదులు నాలుగేళ్లు చదవరు, ఆ తర్వాత రోజూ ఉద్యోగానికీ వెళ్లరు. ఇష్టంలేని కోర్సులో చేర్పించాక బ్యాక్‌లాగులు మిగిలితే అప్పుడు పిల్లనే తప్పుపడతారు. అలా చేయకండి.

నాకు అనుమానమున్నది వేరేచోట. ‘సస్టైనబుల్ డిజైన్’, ‘గ్రీన్ సిటీస్’ లాంటి పేర్లతో ఇప్పుడు కొత్త డిగ్రీలు వస్తున్నాయి. బ్రోచర్ చూస్తే అమ్మాయి కోరుకున్నది అదే అనిపిస్తుంది. సిలబస్ అడిగి చూడండి. హైడ్రాలజీ (నీటి శాస్త్రం) ఎన్ని పేపర్లుంది, సర్వే నేర్పుతారా, పిల్లలను సైటుకు తీసుకెళ్తారా? కంప్యూటర్లో అందమైన బొమ్మలు గీయడమే ఎక్కువైతే చేర్చకండి. అలాంటి డిగ్రీతో ఇంజినీరూ కారు, ఆర్కిటెక్టూ కారు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైతేనే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవచ్చు. పేరు చూసి లక్షలు కట్టాక ఈ సంగతి తెలిసి ఏడ్చిన కుటుంబాలను చూశాను.

ఇక మీరడిగిన పోలిక. నీటి లెక్కలంటే ఇష్టమైతే సివిల్. మీ ఊళ్లోనే జేఎన్‌టీయూ ఉంది, తర్వాత వాటర్ రిసోర్సెస్‌లో ఎంటెక్ చేయొచ్చు, ప్రభుత్వ ఇంజినీరు పరీక్షలూ రాయొచ్చు. గీయడం, స్థలాన్ని ఊహించడం ఇష్టమైతే ఐదేళ్ల బీఆర్క్, ఆపైన రెండేళ్లు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్, అంటే పార్కుల్లాంటి బయటి స్థలాల డిజైన్. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ఆ పీజీ ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు కాలేజీలోనే చెబుతారు. ఆర్కిటెక్చర్‌లో మొదటి రెండుమూడేళ్లు జీతం తక్కువే, మీరు ఓపిక పట్టాలి. పార్కు కట్టేచోట ఈ ఇద్దరూ కావాలి, కాబట్టి ఏది ఎంచుకున్నా అమ్మాయి కోరుకున్న పనికి దూరం కాదు. టెన్షన్ పడకండి. ఈ వయసులో ఏం కావాలో ఇంత స్పష్టంగా చెప్పగలిగే పిల్లలు తక్కువ.

బీఆర్క్ అనుకుంటే, ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి కౌన్సిల్ అనుమతి ఈ విద్యాసంవత్సరానికి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. కాలేజీవాళ్లు నోటితో చెప్పింది నమ్మకండి.