సిన్ తర్వాత గెట్‌లైన్ ఎందుకు ఆగదు?

సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాషలో వయసును సిన్‌తో (cin, కీబోర్డు నుంచి విలువ తీసుకునేది) చదివాక, పేరు కోసం రాసిన గెట్‌లైన్ (getline, లైన్ మొత్తాన్ని చదివేది) ఆగకుండా దాటిపోతోందన్నది మీ సమస్య. నిజానికి అది తన పని తాను చేస్తోంది. మీరు 25 కొట్టి ఎంటర్ నొక్కితే సిన్ అంకెలు మాత్రమే తీసుకుంటుంది. ఎంటర్‌తో వచ్చిన న్యూలైన్ అక్షరం బఫర్‌లోనే, అంటే టైప్ చేసింది తాత్కాలికంగా నిలిచే చోటే, ఉండిపోతుంది. గెట్‌లైన్‌కు మొదట తగిలేది అదే కాబట్టి లైన్ అయిపోయిందనుకుని ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని పాఠం) ఇచ్చేస్తుంది.

చాలామంది మధ్యలో ఉత్త సిన్ డాట్ ఇగ్నోర్ (cin.ignore(), బఫర్‌లోని అక్షరాలను పారేసేది) పెట్టి ఊరుకుంటారు. అది తీసేసేది ఒక్క అక్షరమే. 25 పక్కన పొరపాటున స్పేస్ పడిందా, మళ్లీ అదే గోల! గెట్‌లైన్‌కు సిన్ ఇచ్చే చోట డబ్ల్యూఎస్ (cin >> ws) అనే మేనిప్యులేటర్‌ను, అంటే ఇన్‌పుట్ చదివే తీరును సర్దే పదాన్ని, జోడించడమే నయం. ముందున్న స్పేస్‌లను, న్యూలైన్లను అన్నింటినీ అది మింగేస్తుంది. కాకపోతే పేరు ఖాళీగా వదలాలన్నా వదలనివ్వదు. అలాంటప్పుడు న్యూలైన్ వచ్చేదాకా అన్నీ పారేయమని ఇగ్నోర్‌కే చెప్పాలి.