గుడ్డ డైపర్ల సంగతి సరే, ఆ ట్యూబు ఎవరు రాయమన్నారు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పాపకు ఎనిమిదో నెల. గుడ్డ డైపర్లు వాడుతున్నాం. వానలకు ఆరడం లేదని రెండు మూడు రోజులవి బాత్రూంలో బకెట్ నీళ్లలో డెట్టాల్ వేసి నానబెట్టి ఒకేసారి ఉతుకుతున్నాను. మూత తీస్తే కళ్లు మండేంత వాసన. డెట్టాల్ ఎక్కువ వేయాలా, బ్లీచింగ్ పౌడర్ కలపాలా? అన్నట్టు, పాపకు తొడల దగ్గర ఎర్రగా అయితే మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది.

జవాబు: వాసన గురించి తర్వాత చెబుతానమ్మా. మీరు ‘అన్నట్టు’ అని తేల్చేసిన చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను.

ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. షాపులో ‘దురదకి, ఒరుపుకి’ అని ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో ఇదీ, ఫంగస్ మందూ, యాంటీబయాటిక్ కలిపే ఉంటాయి. రాసిన రెండు రోజులకు ఎరుపు పోతుంది, అందరూ సంతోషిస్తారు. లోపల ఫంగస్ ఉంటే, ఫంగస్ మందు కలిసి ఉన్నా స్టెరాయిడ్ చాటున అది పూర్తిగా చావక పెరుగుతూనే ఉండొచ్చు. ఆపగానే మళ్లీ వస్తుంది. మీరు రాసింది అచ్చం ఇలాగే ఉంది, కాకపోతే చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను.

పసిపిల్లల చర్మం పలచన. పైన డైపరు బిగించి ఉంటే మందు ఇంకా ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. వారాల తరబడి రాస్తే చర్మం సాగిపోయి పలచబడటమే కాదు, ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోన్లు కూడా తగ్గొచ్చు. చర్మానికి రాసే స్టెరాయిడ్లు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో పెట్టింది. అయినా మన వైపు ‘పాపకి ఎర్రగా అయిందండీ’ అంటే చాలు, ట్యూబు చేతిలో పెడుతున్నారు. మీరేమో ఫార్మసీ అబ్బాయిని అడుగుతారు, వారం పోయాక పక్కింటి పిన్నిగారిని అడుగుతారు, మూడో వారానికి మా దగ్గరకు వస్తారు. మొదటి వారమే వస్తే చాలాసార్లు సులువుగా తేలిపోయే పని.

ఎన్నాళ్లుగా రాస్తున్నారో చెప్పలేదు. మూడు నాలుగు రోజులే అయితే ఆపేయండి. వారాలు దాటితే ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించి, ఎలా ఆపాలో వారినే అడగండి. వెళ్లేటప్పుడు ట్యూబు వెంట తీసుకెళ్లండి.

ఈలోగా ఒక్కటి గమనించండి. ఎరుపు మడతల్లోపల ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు విడివిడిగా ఉంటే ఫంగస్ అనుమానించాలి. నాలుక మీద పెరుగు తరకల్లా తెల్లటి పూత ఉండి, తుడిస్తే పోకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. మడతలు బాగానే ఉండి, ఉబ్బెత్తుగా ఉన్న చోటే కందితే మూత్రం, తడి వల్ల వచ్చిన ఒరుపు కావచ్చు. జ్వరం, చీము, నీటి బుడ్డలు, చర్మం చిట్లి రక్తం, పాలు తాగకపోవడం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు చూపించాలి.

ఒట్టి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదలండి. జింక్ ఆక్సైడ్ క్రీము దట్టంగా రాయొచ్చు. పౌడర్ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోనసీమలో కొబ్బరినూనె మానమంటే ఎవరూ వినరు, చర్మం చిట్లని చోట పలచగా రాస్తే నాకూ అభ్యంతరం లేదు.

ఇక బకెట్. ఆ ఘాటు అమ్మోనియా. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టడం వల్ల వస్తుంది. డెట్టాల్ పెంచితే వాసన పోదు సరికదా, గుడ్డలో మిగిలి పాప చర్మాన్ని మండిస్తుంది. బ్లీచింగ్ అసలు వద్దు. వరదలప్పుడు పంచాయతీ వాళ్లు ఇచ్చింది ఇంట్లో ఉంటుంది, తెలుసు. మూత్రం నానిన నీళ్లలో పడితే విషవాయువు పుడుతుంది. అన్నిటికన్నా భయం ఇంకోటి: ఎనిమిదో నెల పిల్ల పాకే వయసు. బకెట్ పట్టుకుని లేవబోయి తల్లకిందులైతే బెత్తెడు నీళ్లు చాలు. ఈరోజే ఆ నీళ్లు పారబోయండి.

నానబెట్టనక్కర్లేదు. దొడ్డికి లెట్రిన్‌లో వేసి, గుడ్డ జాడించి పిండి, గాలాడే ప్లాస్టిక్ బుట్టలో వేయండి. ఏ రోజువి ఆ రోజు ఉతకడం మంచిది, రెండో రోజు దాటనివ్వొద్దు. వేడినీళ్లు, మామూలు సబ్బుపొడి, రెండు మూడు జాడింపులు చాలు. మీది ఉప్పునీటి బోరైతే చివరి జాడింపు మంచినీళ్లతో చేయండి, లేకపోతే సబ్బు గుడ్డలో ఉండిపోతుంది. సువాసన లిక్విడ్లు వద్దు. సగం తడి గుడ్డ వేయడం కన్నా ముసురు పట్టిన రోజుల్లో రాత్రిపూట కొన్న డైపరు వేయడమే నయం, అందులో తప్పేమీ లేదు. పంట కాలువలో మాత్రం జాడించకండి. పసిపిల్లల దొడ్డికి ఏముందిలే అనుకుంటారు గానీ విరేచనాలు వ్యాపించేది దాంతోనూ. దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపేది ఆ కాలువ నీళ్లతోనే.