వీధి పిల్లి భయం వేరు, ఇంటి పిల్లి భయం వేరు

మీరు గుంటూరు అరండల్‌పేట నుంచి అడిగారు. మూడేళ్లుగా పెంచుకుంటున్న ఆడపిల్లి ఉంది. పెరట్లో దొరికిన ఏడాది వయసు గండుపిల్లిని తెచ్చి బాత్‌రూమ్‌లో పెట్టారు. అప్పటి నుంచి ఇంటి పిల్లి ఆ తలుపు ముందు కూర్చుని బుస్సుమంటోంది, సోఫా మీద ఉచ్చ పోసింది, నిన్నటి నుంచి సరిగ్గా తినడం లేదు. రెండింటినీ ఒక గదిలో వదిలేస్తే కొట్టుకుని అవే సర్దుకుంటాయని మీవారి స్నేహితుడు అంటున్నారు. అత్తగారేమో చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రమ్మంటున్నారు.

దయచేసి ఆ రెండూ చేయకండి. మాది విజయవాడ, సత్యనారాయణపురం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ల మేడ మెట్ల మీదికి ఒక గండుపిల్లి చేరింది. నీళ్లు తీశాక దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. సింగ్‌నగర్‌లో దొరికాడని సింగన్న అని పేరు పెట్టాం. అప్పటికే ఇంట్లో మల్లి ఉంది. మల్లి మా చేతుల్లో పెరిగిన పిల్లి, గడప దాటి ఎరగదు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదంతా మా ఇంట్లోనూ జరిగింది.

ముందు అర్జెంటు విషయం. మీ పిల్లి రేపటికి కూడా తినకపోతే డాక్టర్‌కి చూపించండి. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే, అందులోనూ కాస్త బొద్దుగా ఉంటే, లివర్‌లో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. సోఫా మీద పోసిన ఉచ్చ కూడా కోపంతో చేసిన పని అని తీసిపారేయకండి. టెన్షన్ వల్ల పిల్లులకు మూత్రాశయం వాస్తుంది, ఉచ్చలో రక్తం కూడా పడవచ్చు. మీది ఆడపిల్లి కాబట్టి మూత్రం పూర్తిగా అడ్డుపడే ప్రమాదం తక్కువ. కానీ బాత్‌రూమ్‌లో ఉన్నది మగది. అది పదే పదే ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఇంకో మాట. మీ పిల్లి ఇసుక డబ్బా మొదటి నుంచీ ఆ బాత్‌రూమ్‌లోనే ఉండేదని రాశారు. అంటే కొత్త పిల్లి వచ్చీ రాగానే పాత పిల్లికి దొడ్డి లేకుండా పోయింది! ఈ రోజే హాల్లో ఒక మూల దాని డబ్బా దానికి పెట్టేయండి. రెండు పిల్లులున్న ఇంట్లో మూడు డబ్బాలు, అవీ వేర్వేరు చోట్ల ఉంటే మంచిది. కుదిరితే కొత్త పిల్లిని బాత్‌రూమ్ నుంచి వేరే గదికి, కనీసం స్టోర్‌రూమ్‌కి మార్చండి. మన బాత్‌రూముల్లో ఫినాయిల్ ఉంటుంది, కలరా ఉండలు ఉంటాయి. రెండూ పిల్లికి విషమే. నేల మీద నడిచి పాదాలు నాకుతుంది కదా. పైగా మన ఎండలకు మూసిన బాత్‌రూమ్ కొలిమి అయిపోతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి తట్టుకోలేకపోతోందని గుర్తు.

కనీసం రెండు వారాలు అవి ఒకదాన్నొకటి చూడకూడదు. ఇది ముఖ్యంగా జబ్బుల కోసం. వీధి పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు ఉంటుంది. కుక్కల పార్వోకి దగ్గరి చుట్టం. వాంతులు, విరేచనాలతో మొదలై పిల్లపిల్లులను చాలా త్వరగా చంపేస్తుంది. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికుండగలదు, మన చెప్పులు, చేతుల మీద కూడా వస్తుంది. మామూలు సబ్బులకు చావదు, బ్లీచింగ్ కావాలి. అయితే ఉచ్చ ఉన్నచోట నేరుగా బ్లీచింగ్ పోయకండి, ఘాటైన విషవాయువు వస్తుంది. ముందు నీళ్లతో బాగా కడిగి తర్వాత వాడండి. ఆరాకే పిల్లిని రానివ్వండి. మీ ఇంటి పిల్లికి టీకాలు బాకీ ఉంటే ఇప్పుడే వేయించేయండి.

కొత్తదానికి నట్టల మందు, రేబిస్ టీకా, చెవుల్లో కాఫీ పొడిలాంటి నల్లటి రజను (చెవి పురుగుల గుర్తు) ఉందేమో చూడటం, లుకేమియా వైరస్, ఎఫ్‌ఐవీ (రెండూ పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌లు) రక్త పరీక్ష, ఇవన్నీ ఒకే విజిట్‌లో అయిపోతాయి. లుకేమియా వైరస్ ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా వస్తుంది, అందుకే కలపకముందే పరీక్ష. గోమార్ల కోసం కుక్కల మందు మాత్రం పట్టించకండి. వాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. మాకు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. మీరు గుంటూరులో పిల్లులు చూడటం అలవాటున్న డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా తప్పనిసరి. ఆపరేషన్ చేయని గండుపిల్లి గోడలకు చిమ్మే ఉచ్చ వాసన ఒక్కటి చాలు, మీ ఆడపిల్లి ప్రశాంతంగా ఉండలేదు. ఆపరేషన్ అయిన మర్నాడే మారిపోడు, మగ హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ తలుపు వేసే ఉంచండి.

ఇక అసలు విషయం. మనం కంగారు పడేదంతా కొత్త పిల్లి గురించి. నిజానికి వీధిలో పెరిగినవాడికి తోటి పిల్లులు కొత్త కాదు. చెత్తకుండీ దగ్గరా చేపల బండి దగ్గరా పదిమందిలో తిని బతికాడు. ఎవరికి దారివ్వాలో, ఎక్కడ తగ్గాలో వాడికి తెలుసు. వాడికి భయమల్లా మనుషులంటే. ఇంటి పిల్లి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మనుషులంటే ప్రాణం, కానీ పసితనంలోనే తల్లిని వదిలి వచ్చింది కాబట్టి ఇంకో పిల్లి ఎదురుపడితే ఏం చేయాలో తెలియదు. అందుకే మీ ముందు రెండు వేర్వేరు పనులున్నాయి. వాడిని మీకు మచ్చిక చేయాలి, దానికి ఇంకో పిల్లిని అలవాటు చేయాలి. రెండో పని ఎంత వేగంగా సాగాలో మీ ఇంటి పిల్లే చెప్పాలి.

వాడి గదిలో ఒక అట్టపెట్టెకు కన్నం చేసి పెట్టండి, దాక్కోనివ్వండి. సింగన్న ఆ పెట్టెలోంచి రాత్రి మాత్రమే బయటికొచ్చి తినేవాడు. నేను గదిలో కింద కూర్చుని, వాడి వైపు చూడకుండా పేపరు పైకి చదివేదాన్ని. ఎప్పుడైనా చూపులు కలిస్తే నెమ్మదిగా కళ్లు మూసి తెరిచేదాన్ని. కొన్నాళ్లకు వాడూ కళ్లు సగం మూసి నన్ను చూడటం మొదలుపెట్టాడు. చేయి చాపి పట్టుకోవాలని చూడకండి. మనుషుల అలవాటు పిల్లులకు సులువుగా పట్టేది పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకానే. పెద్దయ్యాక నెలలు పట్టొచ్చు, కొన్ని ఎప్పటికీ ముట్టుకోనివ్వవు.

కరిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, రేబిస్ టీకా అక్కడ ఉచితం. పిల్లి పళ్లు సన్నగా లోతుగా దిగుతాయి, పైకి చిన్న చుక్కలా కనిపించినా మర్నాటికి చేయి వాచిపోతుంది.

జబ్బుల కోసం చెప్పిన ఆ రెండు వారాలు దాటాక, ఇంటి పిల్లికి ముందు వాసన, తర్వాత చూపు, ఆఖరున ఎదురుపడటం. పాత కాటన్ చీర ముక్క ఒకటి వాడు పడుకునేచోట వేసి, రెండు రోజుల తర్వాత తెచ్చి మీ పిల్లి అన్నం గిన్నెకు కాస్త దూరంలో పెట్టండి. బుస్సుమంటే ఇంకా దూరం జరపండి, తిట్టకండి. మీ పిల్లి బుగ్గల మీద రుద్దిన గుడ్డ ఒకటి వాడి గదిలో పెట్టండి. ఉప్పు, కారం లేకుండా ఉడికించి ముల్లు తీసిన చేప ముక్కో, చికెనో మీ పిల్లికి వాడి వాసన ఉన్న గుడ్డ దగ్గర మాత్రమే దొరకాలి, ఇంకెప్పుడూ కాదు. మల్లి మొదట్లో ఆ గుడ్డ చూసి సోఫా కిందికి దూరేది. తర్వాత తర్వాత గుడ్డ తేగానే వంటింటి వైపు చూసి మ్యావ్ అనడం మొదలుపెట్టింది. అప్పుడు ముందుకెళ్లాం.

తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ గిన్నెలు. మొదట ఆరేడు అడుగుల దూరం, రోజూ కొంచెం దగ్గరికి. రాత్రిళ్లు మీ పిల్లిని మీ గదిలో పడుకోబెట్టుకుని వాడిని హాల్లోకి వదలండి. ఇల్లంతా తిరిగి వాసన చూసుకుంటాడు. పొద్దున అది ఆ వాసనలు చూసుకుంటుంది. రెండూ ఎదురుపడకుండానే చాలా పని అవుతుంది.

చూపించడానికి దోమల జాలీ తలుపును మించింది లేదు. నైలాన్‌ది గోళ్లకు చిరిగిపోతుంది, స్టీల్ జాలీ అయి ఉండాలి. దానికి దుప్పటి కట్టి, కింద జానెడు మాత్రం పైకెత్తండి. ఇక్కడ మీరు చూడాల్సింది ఇంటి పిల్లి నోటిని. మల్లి తినేటప్పుడు ఒక చెవి అటు తిప్పి ఉంచేది, నమలడం మాత్రం ఆపేది కాదు. అది ఫరవాలేదు. నమలడం ఆపి, తల ఎత్తి, రెప్ప వేయకుండా చూస్తూ తోక కొస మాత్రం అదిలిస్తుంటే మాత్రం వెంటనే దుప్పటి దించేయాలి. బుస్సుమనడం "దగ్గరికి రాకు" అని చెప్పడమే, దానికి భయపడనక్కర్లేదు. ఆ కదలని చూపు తర్వాత వచ్చేది పోట్లాట.

జాలీ దగ్గర రెండూ రోజూ నిమ్మళంగా తింటున్నప్పుడు, ఒకరోజు తలుపు తీసి తిన్నంతసేపే కలిసి ఉంచండి. మధ్యలో అడ్డం పెట్టడానికి పెద్ద అట్టముక్క చేతిలో ఉండాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ చేతులు పెట్టొద్దు.

మా ఇంట్లో అంతా సాఫీగా సాగుతున్న రోజుల్లో దీపావళి వచ్చింది. వీధిలో పెద్ద బాంబు పేలగానే సింగన్న అదిరిపడి బీరువా కిందికి దూరాడు. ఆ శబ్దానికి బెదిరిన మల్లికి ఎదురుగా కనిపించింది వాడే. మీద పడి రక్కేసింది. శబ్దం మీది భయం వాడి మీదికి తిరిగింది, అంతే. మళ్లీ తలుపు వేసి గుడ్డ ముక్క దగ్గర నుంచి మొదలుపెట్టాం. రెండోసారి చాలా తొందరగా అలవాటు పడ్డాయి. పండగ దగ్గర్లో ఉంటే, లేదా ఆపరేషన్ అయ్యి ఆసుపత్రి వాసనతో వచ్చి ఉంటే కలపడం వాయిదా వేయండి.

ఇప్పుడు మల్లిది ఫ్రిజ్ పైభాగం, వాడిది మేడ మెట్ల కింద చోటు. నాలుగడుగుల ఎడంగా తింటారు. ఒకరినొకరు నాకడం, కలిసి పడుకోవడం ఏమీ లేదు, అవసరం కూడా లేదు. విచిత్రంగా వాడు నన్ను నమ్మింది మల్లిని చూసే. అది నా ఒళ్లో పడుకుంటే ఎదురుగా కూర్చుని చూసేవాడు, ఇప్పుడు నా పాదాలకు ఒళ్లు రాసుకుని వెళ్తాడు. ఎత్తుకోనివ్వడు.

మీ అత్తగారితో ఒక మాట చెప్పి చూడండి. పిల్లికి తెలియని చోట వదిలితే అక్కడి గండుపిల్లులు ఉండనివ్వవు, తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియదు, పాత చోటు వెతుక్కుంటూ రోడ్ల మీద పడుతుంది. నాలుగైదు నెలలు ఓపిగ్గా చేశాక కూడా వాడు గోడలకే అతుక్కుపోతుంటే, లేదా మీ పిల్లి తిండికీ నిద్రకూ దూరమవుతుంటే, ఆపరేషన్, టీకాలు అయిన వాడిని మీ పెరట్లోనే, దొరికిన చోటే వదిలి రెండు పూటలా అన్నం పెట్టండి. వాడికి తెలిసిన చోటు అదే. మా అత్తయ్యగారు కూడా మొదట్లో వద్దన్నవారే, ఇప్పుడు వాళ్లిద్దరికీ చేప ముల్లు తీసి పెట్టేది ఆవిడే. ముందు మీ పిల్లి తిన్నదో లేదో రేపు రాయండి.