ఉబుంటులో మాత్రమే క్యూజీఐఎస్ ప్లగిన్ ఎర్రర్ ఇస్తోందా? ముందు ఇవి చూడండి

ఉబుంటు 22.04లో బటన్ నొక్కగానే క్యూజీఐఎస్ (మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) ప్లగిన్ (దానికి అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రాం) ఎర్రర్ ఇస్తోందని, మీ ఫ్రెండ్ విండోస్‌లో అదే ప్లగిన్ చక్కగా పనిచేస్తోందని, క్యూజీఐఎస్ ట్రాకర్‌లో (లోపాలు రిపోర్ట్ చేసే చోట) పెడితే మూసేశారని అడిగారు. మూసేయడంలో తప్పేం లేదు. చాలా ప్లగిన్లు బయటి వలంటీర్లు రాసినవి, వాటి ట్రాకర్లు వేరే ఉంటాయి. ప్లగిన్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ వివరాల కిందే లింకు ఉంటుంది.

అక్కడ రాసే ముందు సెట్టింగ్స్ మెనూలో కొత్త యూజర్ ప్రొఫైల్ తెరిచి, ఆ ఒక్క ప్లగిన్‌నే వేసి చూడండి. అయినా ఎర్రర్ వస్తే గొడవ చాలావరకు దానిదే. రాకపోతే పాత ప్రొఫైల్‌లో ఇంకేదో అడ్డుపడుతోంది. అప్పుడు మిగతా ప్లగిన్లలో సగం ఆపి చూడండి, మళ్లీ అందులో సగం. తొందరగానే దొరుకుతుంది.

మీ లక్షణాలు చూస్తే నాకు ఎదురైనదే అనిపిస్తోంది. మా మండలంలో చెరువుల హద్దులు గీస్తుంటే ఒక ప్లగిన్ ఇలాగే ఆగిపోయింది. ఎర్రర్ చివరి వరుసలో, పూర్ణాంకం ఉండాల్సిన చోట ‘ఫ్లోట్’ (దశాంశ సంఖ్య) వచ్చిందని ఉంది. దాని పై వరుసల్లో ఫైల్ పేరు, లైన్ నంబరు ఉన్నాయి. ఆ ఫైల్ తెరిస్తే విండో వెడల్పును 2తో భాగించి, వచ్చినదాన్ని నేరుగా క్యూటీ (విండోలు, బటన్లు చూపించే లైబ్రరీ) ఫంక్షన్‌కి ఇస్తున్నారు. ఈ ప్లగిన్లు రాసే భాష పైథాన్. పైథాన్ 3లో ఒక్క గీతతో (/) భాగిస్తే 4ని 2తో భాగించినా 2.0 వస్తుంది. పాత వెర్షన్లలో అది చడీచప్పుడు లేకుండా పూర్ణాంకంగా మారిపోయేది. 2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఉబుంటు 22.04లో ఉన్నది 3.10. క్యూజీఐఎస్ విండోస్ ఇన్‌స్టాలర్ తన పైథాన్‌ని తనే తెచ్చుకుంటుంది, అప్పట్లో అది 3.9. అందుకే అక్కడ పనిచేసింది. ఒక గీత బదులు రెండు గీతలు (//) పెడితే సరిపోయింది.

రిపోర్ట్‌లో ట్రేస్‌బ్యాక్‌ని (ఫైల్ పేర్లు, లైన్ నంబర్లతో వచ్చే ఎర్రర్ సందేశాన్ని) స్క్రీన్‌షాట్‌గా కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి. అప్పుడే రేపు ఇదే ఎర్రర్‌తో వెతికేవాళ్లకి దొరుకుతుంది. హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కితే క్యూజీఐఎస్, క్యూటీ, పైథాన్ వెర్షన్లు ఉంటాయి, అవన్నీ కాపీ చేయండి. మీ డేటా మొత్తం వద్దు, ఎర్రర్ వచ్చేంత చిన్న ముక్క చాలు. మూసేసిన ఇష్యూలు కూడా వెతకండి. చాలాసార్లు కోడ్‌లో సరిచేసేసి ఉంటారు, కొత్త వెర్షన్ విడుదల చేయడమే మిగిలి ఉంటుంది.

జవాబు ఆలస్యమైతే కోపం తెచ్చుకోకండి. ప్లగిన్లు రాసేవాళ్లలో చాలామంది ఉద్యోగం అయ్యాక రాత్రిపూట కూర్చుని చేసేవాళ్లే, అదీ జీతం లేకుండా. దిద్దుబాటు చిన్నదైతే పుల్ రిక్వెస్ట్ (సరిచేసిన కోడ్‌ని కలుపుకోమని అడగడం) మీరే పంపండి, వాళ్ల పని సగం తగ్గుతుంది. ఈలోగా మీ కంప్యూటర్‌లో ఫైల్ మార్చుకుని పని కానివ్వచ్చు గానీ, ప్లగిన్ అప్‌డేట్ అయితే ఆ మార్పు చెరిగిపోతుంది, కాపీ దాచుకోండి.

మీ ట్రేస్‌బ్యాక్ మొత్తం ఇక్కడ పెట్టండి, ఏ లైనో చూసి చెబుతాను.