సమాధానం: సీట్ల మీద తెల్లటి బూజు, కొబ్బరినూనె రాశాక జిగురు

రుషికొండలో సముద్రానికి దగ్గర్లో కారు పెట్టి 3 వారాలు ఊరెళ్లొచ్చేసరికి తోలు సీట్ల మీద తెల్లటి బూజు పట్టిందని, కొబ్బరినూనె రాస్తే జిగురుగా అయ్యాయని అడిగారు కదా, మన వైజాగ్ తేమకి బూజు రావడం మామూలే. టెన్షన్ పడకండి, సీట్లు పాడవలేదు. కొబ్బరినూనె మాత్రం ఇక రాయకండి అండీ.

ముందు మీది అసలు తోలో కాదో చూడండి. సీటు కింద చెయ్యి పెట్టి కవరు మడత అంచు తిప్పండి. వెనకవైపు గుడ్డ నేత కనిపిస్తే అది రెక్సిన్‌లాంటి కృత్రిమ తోలు. మెత్తటి నూగులా పీచు తగిలితే అసలుది. ఒకే కారులో కూర్చునే చోట అసలు తోలు, పక్కలకి కృత్రిమం వేయడమూ ఉంది కాబట్టి రెండు చోట్లా చూడండి.

కృత్రిమ తోలు నూనె పీల్చదు. అది పైనే నిలిచి దుమ్ము పట్టుకుంటుంది, మీ జిగురు అదే. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల బేబీ షాంపూ కలిపి, గుడ్డ గట్టిగా పిండి తుడవండి. ఆ వెంటనే పొడిగుడ్డతో. కుట్ల దగ్గర మెత్తటి టూత్‌బ్రష్ వాడండి.

అసలు తోలైతే బట్టల సబ్బు వద్దు. తోలుది ఆమ్లగుణం, ఆ సబ్బుది క్షారం, పైపూత దెబ్బతింటుంది. లెదర్ క్లీనర్‌తో తుడిచి, ఆరాక లెదర్ కండిషనర్ (తోలుని మెత్తగా ఉంచే క్రీము) పల్చగా రాయండి.

బూజు మాత్రం డోర్లు తీసి, ఆరుబయట, మాస్క్ పెట్టుకుని తుడవండి. తర్వాత ఏసీ వేసి అరగంట ఆరనివ్వండి.